యాకోబు 1:14: మరులు "కొల్పబడి"యా, "గొల్పబడి"యా?

అరండల్‌పేట: బైబిల్లో యాకోబు పత్రిక వాక్యం ఇది: "ప్రతివాడును తన స్వకీయమైన దురాశచేత ఈడ్వబడి మరులు..." ఇక్కడికొచ్చి నాలుక ఆగిపోతోంది. అచ్చులో "కొ" చూసినట్టు గుర్తు, చెవికి అలవాటైంది మాత్రం "గొ". యూత్ మీటింగు హాల్లో గోడ మీద రాయించాలి. పెయింటరు రేపు పొద్దున్నే వస్తాడు. ఏది ఒప్పు?

సత్యనారాయణపురం: అచ్చులో "మరులు కొల్పబడినవాడై" అనే ఉంది. అయినా బాలవ్యాకరణం 1858లోనే తేల్చేసింది కదండీ, ప్రథమ మీది పరుషాలకు గసడదవలు, అంటే ప్రథమా విభక్తి మాట తర్వాత క చ ట త ప లు గ స డ ద వ లవుతాయని. "గొ" రాయించండి, ధైర్యంగా.

బ్రాడీపేట: సూత్రంలో "బహుళముగా" అన్న మాట మింగేశారు మాస్టారూ. ఒకచోట అవుతుంది, ఒకచోట కాదు అని. మేలుకొలుపుని మేలుగొలుపు అనండి చూద్దాం. నెలకొల్పుని నెలగొల్పు అనండి.

సత్యనారాయణపురం: మరి ఆకలిగొన్నవాడో?

బ్రాడీపేట: "ఆఁకొన్న కూడె యమృతము." సుమతీ శతకం మర్చిపోతే ఎలా?

సత్యనారాయణపురం: అది ఆకొను, ఇది ఆకలిగొను. రెండూ ఒకటి కావు.

మంగళగిరి: కొ, గొ సంగతి అలా ఉంచండి. అసలు తేడా "మరులు" దగ్గరే వచ్చింది. గ్రీకులో ఆ క్రియ దెలెయాజో, దెలెయార్ అంటే ఎర. దాని ముందున్నది ఎక్సెల్కో, బయటికి లాగడం. రాతి సందులో ఉన్న చేపని పైకి రప్పించి పట్టే బొమ్మ అది. బ్యారేజీకి ఇవతల సీతానగరం వైపు గాలం వేసేవాళ్ళని చూడండి. వానపాముని ముల్లు మొన కనపడకుండా చివరిదాకా ఎక్కిస్తారు. మొన బయటపడితే చేప ముట్టదు. బెండు రెండు సార్లు ఊగినా లాగరు, మూడోసారి మునిగితే అప్పుడు లాగుతారు. యాకోబు చెప్పేది ఈ దాచిన మొన గురించి. "మరులు" అనేసరికి ఎరా పోయింది, మొనా పోయింది, ప్రేమకథ మిగిలింది.

సత్యనారాయణపురం: మరుడు అంటే మన్మథుడు. మరుడు పెట్టేవి మరులు. ప్రేమకథ కాక ఇంకేమవుతుంది?

బ్రాడీపేట: ఆ వ్యుత్పత్తి వినడానికి బాగుంటుంది, నిలబడదు. తమిళంలో మరుళ్, కన్నడంలో మరుళు, రెండు చోట్లా మతి చెదరడమే. మన్మథుడు సంస్కృతం నుంచి వచ్చి తర్వాత కలిశాడు. మతి చెదిరిన చేపే కదండీ ఎర మింగేది! అనువాదం చేసినాయన మరీ అంత తప్పు చేయలేదు. నన్ను అడిగితే ఆ వాక్యంలో నలిగింది "బడు". ఈడ్వబడి, కొల్పబడి, శోధింపబడును: వరసగా మూడు.

మంగళగిరి: గ్రీకులోనూ మూడూ కర్మణే. పైగా "దురాశచేత" అని కర్తని చెప్పేశాడు, దాచలేదు.

గుణదల: ఆ కర్త గురించే నా సందేహం. దేవుడు "ఎవనిని శోధింపడు" అని 13లో ఉంది కదా. మరి మీ ప్రొటెస్టెంట్ల పరలోక ప్రార్థనలో "మమ్మును శోధనలోకి తేక" అంటారేమిటి? తెచ్చేది ఆయనేనా? మేం కేథలిక్కులం "ప్రవేశింపనివ్వక" అంటాం. ఫ్రెంచివాళ్ళు 2017లో వాళ్ళ ప్రార్థనని "ప్రవేశింపనివ్వకు" అని మార్చుకున్నారు. మా గుణదల కొండ మీద ఆ మాట ముందునుంచీ ఉన్నదే.

బ్రాడీపేట: గుణదల గారూ, మత్తయి గ్రీకులో ఉన్నది "లోపలికి తెచ్చు" అనే క్రియే. మా "తేక" మాటకి మాట. లూకా 11:4 అయితే "తేకుము" అని అక్కడే ఆగుతుంది. మత్తయిలో "తేక" వ్యతిరేక క్త్వార్థం, అంటే వాక్యాన్ని ముగించకుండా తర్వాతి క్రియకి అతుక్కునే రూపం కాబట్టి "తప్పించుము" దాకా ఒకే ఊపిరి. రెండు విన్నపాలు కావవి, ఒకటే.

గుణదల: ఊపిరి సరే, తప్పించేది ఎవరినుంచి? మీకు "దుష్టుడు", మాకు "కీడు". గ్రీకు రెండింటికీ పొసగుతుంది. పైగా మేం "రక్షించండి" అని మర్యాదగా అడుగుతాం.

తెనాలి: మీ మర్యాదలు మధ్యాహ్నం చూసుకోండి. గోడ మీద 1:14 ఒక్కటే రాస్తే చదివిన కుర్రాళ్ళకి గాలం తెలుస్తుంది, తప్పించుకునే దారి తెలియదు. అదే పత్రిక 4:6 కింద రాయించండి: "ఆయన ఎక్కువ కృప నిచ్చును". 4:7 కూడా రాయిస్తే సగానికి కొట్టేయకండి. అందరూ "అపవాదిని ఎదిరించుడి" దగ్గర మొదలెడతారు, దాని ముందున్న "దేవునికి లోబడియుండుడి" వదిలేస్తారు. లోబడకుండా ఎదిరిస్తే సొంత బలంతో ఎదిరించడమే, రెండు రోజులకి చేతులెత్తేస్తారు. హెబ్రీ 4:16లో "సమయోచితమైన సహాయము" అంటే ఆ వేళకి అందే సాయం. పడ్డాక కాదు, బెండు ఊగుతున్నప్పుడే కృపాసనం దగ్గరికి పోవాలి.

మంగళగిరి: "నా కృప నీకు చాలును" కూడా. అందులో "ను" కొట్టేసి "చాలు" అని స్టిక్కర్లు వేస్తున్నారు. "చాలు" అంటే ఇక వడ్డించొద్దన్నట్టు ఉంటుంది. "చాలును" తద్ధర్మం, ఎప్పుడూ సరిపోతుందని.

సత్యనారాయణపురం: కుర్రాళ్ళకి ఇదంతా ఎందుకండీ, పోతన ఒక్క పద్యంలో చెప్పాడు: "మందార మకరంద మాధుర్యమునఁ దేలు మధుపంబు వోవునే మదనములకు". మంచిది రుచి చూసినవాడికి ఎర పనిచేయదు. మదనం అంటే ఉమ్మెత్త.

బ్రాడీపేట: మంగ చెట్టుకీ మదనమనే పేరు.

గుణదల: మైనానికి కూడా మదనమనే అంటారు కదా? తేనె రుచి తెలిసిన తుమ్మెద మైనం దగ్గరికి పోదని ఎందుకు చెప్పకూడదు?

సత్యనారాయణపురం: మైనమా! తర్వాతి పాదాల్లో హంస తరంగిణులకి పోదు, కోయిల కుటజాలకి పోదు, చకోరం నీహారాలకి పోదు. కోయిలకి చెట్టు ఇచ్చినవాడు తుమ్మెదకి మైనం ఇస్తాడా?

అరండల్‌పేట: పెయింటరు నిచ్చెన వేసేశాడు. "మరులు" దాకా రాసి ఆగాడు. కొ నా, గొ నా?

బ్రాడీపేట: ఒక్క నిమిషం. నీహారమంటే మంచు, చెట్టు కాదు. అంచేత ఆ మైనం వాదాన్ని అంత తేలిగ్గా తోసేయలేం.