అప్‌డేట్: రోజూ యాకుల్ట్ కొనడం దండగా?

మా అత్తగారికి తరచూ గ్యాస్, కడుపుబ్బరం, అందుకని రోజూ యాకుల్ట్ (మంచి బ్యాక్టీరియా ఉండే, పులియబెట్టిన తీపి పాల పానీయం) కొనాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. మన పెరుగూ అదీ ఒకటే అని కొందరన్నారు. ప్రస్తుతానికి ఆపేశాం.

ముందు లేబుల్ చూశాను. 65 మి.లీ. సీసాలో 650 కోట్ల బ్యాక్టీరియా, అదీ షిరోటా అనే ఒకే రకం. కడుపులోని యాసిడ్‌ని తట్టుకుని పేగుల దాకా ప్రాణాలతో చేరడం దాని ప్రత్యేకత. మన తోడు పెరుగులో ఏ రకం ఎంతుందో ఎవరికీ తెలీదు, కాబట్టి "యాకుల్ట్, పెరుగు రెండూ ఒకటే" అన్నవాళ్లతో నేను ఏకీభవించను. కానీ చేరినంత మాత్రాన గ్యాస్ తగ్గాలని లేదుగా! అమెరికా గ్యాస్ట్రోఎంటరాలజీ సంఘం 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చాలా జీర్ణ సమస్యలకు ప్రోబయోటిక్స్‌ని (ఇలా మేలు చేస్తాయని తీసుకునే బ్యాక్టీరియాని) సిఫార్సు చేయలేదు.

పైగా ఆవిడకు షుగర్. ఆ చిన్న సీసాలో దాదాపు రెండు చెంచాల చక్కెర ఉంటుంది. నాకు ధర కన్నా అదే పెద్ద అభ్యంతరం.

ఇప్పుడు యాకుల్ట్ బదులు మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం మజ్జిగ. మజ్జిగ పులుసు కూడా పనిచేస్తుందా అని ఒకరు అడిగారు. మరిగిస్తే బ్యాక్టీరియా చచ్చిపోతుందండీ, రుచి కోసం తినడమే. గ్యాస్ తగ్గకపోతే డాక్టర్‌కి చూపిస్తాం.