‘ప్రత్యేక సైనిక చర్య’: తెలుగులో ఏ మాట వాడాలి?

ఉక్రెయిన్ మీద ఒక వ్యాసం అనువాదం చేస్తున్నాను. రష్యా ప్రభుత్వం వాడే మాటని ‘ప్రత్యేక సైనిక చర్య’ అని రాశాను. మా ఎడిటర్ గారు ‘దండయాత్ర’ అని మార్చారు. ఇంకొకరేమో ‘యుద్ధం’ అంటే చాలు, ఎవరి పక్షమూ తీసుకున్నట్టుండదు అంటున్నారు. పెద్దలు చెప్పండి.

▸ ‘చర్య’ అనగానే తెలంగాణ వాళ్లకి ‘పోలీసు చర్య’ గుర్తొస్తుందండీ. 1948 సెప్టెంబరు 13న హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది ట్యాంకులతో సహా భారత సైన్యం, పేరు మాత్రం పోలీసుది. ఇది మా ఇంటి వ్యవహారం అని ప్రపంచానికి చెప్పడానికే ఆ పేరు. నిజాం అప్పటికే భద్రతా మండలి తలుపు తట్టి ఉన్నాడు. ఆ సంఘటనా ఈ సంఘటనా ఒకటని అనను. పేరు పెట్టిన పద్ధతి ఒకటే. ‘యుద్ధం’ అంటే ఎదుట ఇంకో దేశం ఉందని ఒప్పుకున్నట్టే. రష్యన్లు, ఉక్రేనియన్లు ఒకే ప్రజ అని పుతిన్ 2021 జూలైలో పెద్ద వ్యాసమే రాశాడు. ఉక్రెయిన్ మీదికి సైన్యాన్ని పంపిన 2022 ఫిబ్రవరి 24న టీవీలో చెప్పిన కారణాలు వేరు: తూర్పు ఉక్రెయిన్‌లోని దొన్బాస్‌లో జాతిహననం జరుగుతోంది, నాటో మీదికొస్తోంది, ఐరాస చార్టర్ 51వ అధికరణం కింద ఇది ఆత్మరక్షణ. రెండు రోజులకే ‘యుద్ధం’, ‘దాడి’ అనే మాటలు తీసేయమని అక్కడి మీడియాకి ఆదేశం. మార్చి 4న చట్టమూ వచ్చింది: సైన్యం గురించి ‘తప్పుడు సమాచారం’ చెబితే 15 ఏళ్ల దాకా జైలు. జైలు భయంతో నిలబెట్టిన మాటని మనం కోట్స్ లేకుండా రాయకూడదు.

▸ ఒకవైపే చెబుతున్నారు మీరు. 2014 నుంచి 2018 దాకా దొన్బాస్‌లో రష్యా అండ ఉన్న వేర్పాటువాదులతో జరిగిన పోరుని ఉక్రెయిన్ కూడా యుద్ధం అనలేదు, ‘ఉగ్రవాద వ్యతిరేక చర్య’ అంది. అక్కడ పోయిన ప్రాణాల మాటేమిటి?

▸ బాగా గుర్తు చేశారు. యుద్ధం అని సైనిక శాసనం పెడితే ఎన్నికలు జరపకూడదు, 2014 మే నెలలో వాళ్లకి అధ్యక్ష ఎన్నిక ఉంది. కారణం ఏదైనా, అది కూడా అసలు పేరు చెప్పకుండా దాటేయడమే. ఐరాస లెక్కలో 2021 చివరికి రెండు వైపులా కలిపి చనిపోయింది 14 వేల మందికి పైనే. అందులో మామూలు జనం 3,400 దాటారు. అది చిన్న బాధ కాదు. కానీ జాతిహననం అన్న ఆరోపణకి తమ ముందు ఆధారం లేదని అంతర్జాతీయ న్యాయస్థానం 2022 మార్చి 16న చెప్పింది. సైనిక చర్య ఆపమని రష్యాని 13–2తో ఆదేశించింది కూడా. ఆ 13 మంది న్యాయమూర్తుల్లో మన దేశం నుంచి వెళ్లిన దల్వీర్ భండారీ ఉన్నారు. నాటో సంగతంటారా, ఉక్రెయిన్ సభ్యదేశం అవుతుందని 2008లో బుకారెస్ట్‌ సమావేశంలో ఆ కూటమి నేతలు అన్నారు, తేదీ చెప్పలేదు. రష్యాకి కంగారు ఉండొచ్చు, అర్థం చేసుకోగలను. ఆ కంగారుతో పక్క దేశపు రాజధాని మీదికి సైన్యాన్ని నడిపించే హక్కు వస్తుందంటే మాత్రం ఒప్పుకోలేను. 1994లో బుడాపెస్ట్‌లో ఆ సరిహద్దుల్ని గౌరవిస్తామని సంతకం పెట్టింది రష్యానే. అప్పుడు ఉక్రెయిన్ అణ్వాయుధాలు వదులుకుంది.

▸ సరే. మరి ‘దండయాత్ర’కి ఏమిటి అభ్యంతరం?

▸ రాయలవారి కళింగ దండయాత్ర అని చదువుకున్నాం కదండీ. గెలిచిన రాజు పక్కన నిలబడి చెప్పే మాట అది, అందులో గొప్ప వినిపిస్తుంది. ‘దురాక్రమణ’లో తప్పు ఎవరిదో ఉంది. 2022 మార్చి 2న ఐరాస సర్వసభలో 141 దేశాలు ఓటేసిన తీర్మానంలోనూ దాదాపు ఆ అర్థమే. భారత్ ఆ రోజు ఓటింగ్‌కి దూరంగా ఉంది. అంతమాత్రాన మన వ్యాసాలు కూడా దూరంగా ఉండాలని లేదు.

▸ వ్యాసంలో ఒక రష్యన్ తల్లి తన కొడుకు ‘ఎస్‌వీఓ’లో ఉన్నాడంటుంది. అదీ మార్చాలా?

▸ వద్దు. ‘ప్రత్యేక సైనిక చర్య’కి రష్యన్‌లో పొడి అక్షరాలు అవే, జనం నోట్లో అలాగే నలుగుతుంది. ఆవిడ మాట ఆవిడదే, ఉంచేయండి. మీ సొంత వాక్యాల్లో 2022 ఫిబ్రవరి 24కి ‘దురాక్రమణ’ అనండి, 2014 నుంచి మొత్తం కలిపి చెప్పేటప్పుడు ‘యుద్ధం’ అనండి. క్రెమ్లిన్ ప్రతినిధి పెస్కోవ్ కూడా 2024 మార్చిలో ‘మేం యుద్ధంలో ఉన్నాం’ అనేశాడు, కాకపోతే పశ్చిమ దేశాలు దిగాకే అది యుద్ధమైందన్నాడు. ఆ మెలిక కూడా వదలకుండా రాయండి.