తరగతిలో వీడియో పాఠాలు: పిల్లలు శ్రద్ధగా చూస్తున్నారు, మరి ఏం నేర్చుకుంటున్నారు?

ప్రశ్న: అనంతపురం టీచర్

అందరికీ నమస్కారం. నేను అనంతపురం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో పదకొండేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నాను. సాంఘికశాస్త్రం మాష్టారు బదిలీ అయినప్పటి నుంచి ఏడో తరగతి చరిత్ర కూడా నేనే చూసుకుంటున్నాను. తరగతి గదిలో పెద్ద డిజిటల్ తెర ఉంది కనుక వారానికి రెండు మూడు సార్లు విద్యా కార్యక్రమాల వీడియోలు చూపిస్తున్నాను. తెర వెలగగానే పిల్లలు కదలకుండా కూర్చుంటారు. ఆ నిశ్శబ్దాన్ని చూసి చాలాకాలం నేను సంతోషించాను.

కిందటి నెలలో జరిగిన రెండు సంగతులు నన్ను ఆలోచనలో పడేశాయి. కాకతీయుల మీద ఇరవై నిమిషాల కార్యక్రమం చూపించి, మరునాడు రుద్రమదేవి గురించి అడిగితే ఒక అమ్మాయి ఆమె ఎక్కిన గుర్రం తెల్లదని, తలపాగాకు ముత్యాలున్నాయని చక్కగా చెప్పింది. అయితే ఆమె రాజ్యం చేసిందని మనకు ఎలా తెలిసిందని అడిగితే తరగతిలో ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ తర్వాత మొక్కల ప్రత్యుత్పత్తి పాఠానికి విదేశంలో తీసిన అందమైన వీడియో ఒకటి చూపించాను. ఆపిల్ పువ్వు కాయ కావడం అందులో చాలా బాగా చూపించారు. పరీక్షలో వేరుశనగ కాయ మొక్కలో ఏ భాగం నుంచి వస్తుందని అడిగితే సగానికి పైగా పిల్లలు వేరు నుంచి అని రాశారు. వీళ్లందరూ వేరుశనగ చేలలో పెరిగిన పిల్లలు. ఊడలు, అంటే మొక్క నుంచి నేలలోకి దిగి చివర కాయ పట్టే కాడలు, దిగే సమయంలో అమ్మానాన్నలతో పాటు చేనికి జిప్సం వేసినవాళ్లు. ఇంట్లో తెలిసినదానికీ తెర మీద చూసినదానికీ మధ్య నేను దారి వేయలేకపోయానని అప్పుడు అర్థమైంది.

వీడియోను పాఠానికి ముందు చూపించాలా, తర్వాతనా? ఎంతసేపు చూపించాలి? వ్యాఖ్యానం ఇంగ్లీషులో ఉంటే ఏం చేయాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు 1: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

అమ్మా, మీ ప్రశ్న చదివితే నా చిన్ననాటి బడి కళ్ల ముందుకు వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో మన దేశంలో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు ప్రసారం చేశారు. దానిని సైట్ ప్రయోగం అనేవారు. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి, మా ఊరు ఆ గ్రామాల్లో ఒకటి. కోళ్ల గూళ్లకు కట్టే ఇనుప జాలీ వంటి దానితో చేసిన పది అడుగుల యాంటెన్నా బడి దగ్గర నిలబెట్టారు. టీవీ పెట్టె హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌లో తయారైనదని మా మాష్టారు గర్వంగా చెప్పేవారు. ఉదయం పూట బడి పిల్లల కోసం తెలుగులో ఇరవై రెండున్నర నిమిషాల కార్యక్రమం వచ్చేది.

ఆ ప్రసారాన్ని మధ్యలో ఆపే వీలు లేదు, వెనక్కి తిప్పే వీలు లేదు. అర్థమైనా కాకపోయినా బొమ్మ ముందుకు సాగిపోయేది. అందుకని మా మాష్టారు కార్యక్రమం అయిపోగానే టీవీ కట్టేసి మమ్మల్ని ఆరుబయటికి తీసుకెళ్లి, చూసినదాన్ని చేతులతో చేయించేవారు. గాలికి బరువుంటుందని తెర మీద చూసిన రోజున సైకిలు ట్యూబులతో, వెదురుబద్దతో తక్కెడ కట్టించారు. ఆ తక్కెడ ఏ వైపు ఒరిగిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు టీవీలో మాట్లాడిన మనిషి ముఖం మాత్రం గుర్తులేదు. ఆ ఏడాదిలోనే అదే ఉపగ్రహం ద్వారా దాదాపు 50 వేల మంది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ కూడా ఇచ్చారు. తెర ఒక్కటే పాఠం చెప్పలేదని దాన్ని నడిపినవారికి అప్పుడే తెలుసు.

మాకు లేనిది మీ చేతిలో ఒకటుంది. మీరు వీడియోను ఎక్కడ కావాలంటే అక్కడ ఆపగలరు. ఇరవై నిమిషాల కార్యక్రమంలో నాలుగు చోట్ల ఆపండి. ఎక్కడ ఆపాలో ముందురోజే మీరొక్కరూ చూసి, నిమిషాలతో సహా కాగితం మీద రాసుకోండి. ఆపిన చోట వివరణ ఇవ్వకండి, తర్వాత ఏమవుతుందని అడిగి ఊరుకోండి. పిల్లలు మాట్లాడేవరకు మనం మాట్లాడకుండా ఉండటమే అన్నిటికన్నా కష్టమమ్మా, అది నాకు వచ్చేసరికి సగం సర్వీసు అయిపోయింది.

జవాబు 2: ఫిజిక్స్ మాష్టారు, గుంటూరు జిల్లా

పెద్దలు చెప్పినదానికి నా అనుభవం కొంత జోడిస్తాను. తరగతిలో చేతితో చేసి చూపగలిగిన దానిని నేను వీడియోలో చూపించను. బీకరు, స్పిరిట్ దీపం బడిలో ఉండగా నీరు మరగడాన్ని తెర మీద చూపితే పిల్లలకు ఆవిరి వేడి తగలదు. మన కంటికి అందనంత వేగంగానో, అతి నెమ్మదిగానో, దూరంగానో జరిగేవాటికి మాత్రం వీడియోకు మించిన సాధనం లేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. బరువైన వస్తువు, తేలికైన వస్తువు ఒకే ఎత్తు నుంచి వదిలితే ఏది ముందు నేలను తాకుతుందనే పాఠానికి, మొదట సుద్దముక్కను, కాగితాన్ని బల్ల మీద నుంచి వదిలిస్తాను. సుద్దముక్క ముందు పడుతుంది. అదే కాగితాన్ని ఉండ చుట్టి వదిలితే రెండూ దాదాపు ఒకేసారి పడతాయి. బరువు మారలేదు కదా, మరి ఏం మారిందని అడిగితే పది నిమిషాలు వాదన నడుస్తుంది. చివరకు ఎవరో ఒకరు గాలి మాట ఎత్తుతారు. గాలే లేని చోట వదిలితే ఏమవుతుందో ప్రతివారూ నోటుపుస్తకంలో రాసి కింద సంతకం పెట్టాలి. అప్పుడు, 1971లో అపోలో 15 యాత్రలో డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి ఒక చేత్తో సుత్తిని, మరో చేత్తో డేగ ఈకను పట్టుకుని ఒకేసారి వదిలిన వీడియో చూపిస్తాను. అవి నేలకు చేరడానికి సెకనున్నర కూడా పట్టదు. ఆ సెకనున్నర కోసం తరగతి అంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది, ఎందుకంటే తమ సంతకం ఉన్న జవాబు నిలుస్తుందో లేదో ఎవరికి వారికి తెలుసుకోవాలని ఉంటుంది. కాబట్టి ముందా తర్వాతా అన్న మీ ప్రశ్నకు నా జవాబు: పిల్లలు ఊహించి రాసిన తర్వాత, ఉపాధ్యాయులు వివరించడానికి ముందు.

ఇంగ్లీషు వ్యాఖ్యానం విషయానికి వస్తే, శబ్దం పూర్తిగా తీసేసి నేనే తెలుగులో చెబుతాను. రెండోసారి శబ్దంతో వేస్తాను. అప్పటికి విషయం తెలిసి ఉంటుంది కనుక ఫోటోసింథసిస్ అని వినబడగానే పిల్లలే కిరణజన్య సంయోగక్రియ అని అందుకుంటారు. మన పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో పక్కపక్కనే ఉన్నందువల్ల ఇది మరింత సులువైంది. తెలుగు కార్యక్రమాలు కావాలంటే హైదరాబాద్ నుంచి వచ్చే టీ-శాట్ విద్య, టీ-శాట్ నిపుణ ఛానళ్ల పాఠాలు యూట్యూబ్‌లో దొరుకుతాయి. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించినవి వస్తాయి. ముందురోజే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ లేకపోయినా ఇబ్బంది ఉండదు. ఇంకొక చిన్న సంగతి: బొమ్మ కాస్త మసకగా ఉన్నా పిల్లలు సర్దుకుంటారు గాని, చివరి బల్లకు మాట వినబడకపోతే వీడియో వృథా. ఒక్కసారి వెళ్లి చివరి బల్ల మీద కూర్చుని వినండి.

జవాబు 3: చరిత్ర అధ్యాపకుడు, వరంగల్

టీచర్ గారూ, మీ విద్యార్థిని తెల్ల గుర్రాన్ని గుర్తుంచుకోవడం తప్పు కాదు. ఆ గుర్రం ఎక్కడి నుంచి వచ్చిందో కార్యక్రమం ఆమెకు చెప్పకపోవడమే లోపం. చరిత్ర వీడియోల్లో కెమెరా నిజంగా చూసినవీ, చిత్రకారుడు లేదా దర్శకుడు ఊహించినవీ ఒకే వెలుగులో, ఒకే సంగీతంతో కలిసి వస్తాయి. ఓరుగల్లు కోటలోని రాతి తోరణం కెమెరా చూసినది. గుర్రం మీద రాణి ఊహించి తీసినది. నేను ప్రతి దృశ్యం దగ్గర ఆపి ఇది చూసినదా, ఊహించినదా అని అడుగుతాను. నాలుగైదు సార్లు అయ్యాక మా పిల్లలు నేను ఆపకముందే చెప్పేస్తున్నారు.

ఆ కార్యక్రమాన్ని మళ్లీ వేయదలిస్తే, దానితో పాటు నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనాన్ని తరగతికి తీసుకురండి. 1289 నవంబరు నాటి ఆ శాసనంలో పువ్వుల ముమ్మడి అనే బంటు, రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని దేవుడికి భూమి దానం చేసినట్టు ఉంది. ఇద్దరూ శివలోకానికి చేరారని అది చెబుతుంది; ఎలా చనిపోయారో చెప్పదు. ఆమె మీద తిరుగుబాటు చేసిన సామంతుడు కాయస్థ అంబదేవుడితో జరిగిన యుద్ధంలో మరణించి ఉంటారని చరిత్రకారులు ఇతర ఆధారాలతో కలిపి ఊహిస్తున్నారు. వీడియోలో ఆ యుద్ధం మూడు నిమిషాలు సాగుతుంది, శాసనంలో ఒక్క మాట కూడా లేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు ఏడో తరగతి పిల్లలు అడిగే ప్రశ్నలు ఎంఏ విద్యార్థులు కూడా అడగరు. రాణి గారు పోయిన సంగతి రాజు రాయించకుండా ఒక బంటు ఎందుకు రాయించాడని ఒక పిల్లవాడు నన్ను అడిగాడు. ఆ గంట మిగతా సమయమంతా దాని మీదే గడిచింది.

అలాగని చరిత్రకు వీడియో వద్దని నేను ఎప్పుడూ అనను. అమరావతి స్తూపపు శిల్పాల్లో ఎన్నో ఇప్పుడు చెన్నై మ్యూజియంలో, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. కృష్ణా తీరంలో పుట్టిన పిల్లవాడు తన ఊరి పక్క శిల్పాన్ని చూడాలంటే సముద్రం దాటాలి, లేదా వీడియో చూడాలి. నాగార్జునకొండ అంతకన్నా బాధాకరం. సాగర్ జలాశయంలో మునగకముందు 1954 నుంచి 1960 వరకు అక్కడ తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని కొండ మీదికి తరలించారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ మాత్రం నీటి అడుగున ఉంది. అప్పటి ఫోటోలు, కొలతల ఆధారంగా తయారుచేసిన దృశ్యాలు తప్ప దాన్ని చూసే దారి మరొకటి లేదు. ఇటువంటి చోట్ల ఊహించినదైనా సరే, ఏ కొలతల మీద ఊహించారో చెప్పే కార్యక్రమాన్ని ఎంచుకుని తప్పక చూపించండి.

జవాబు 4: డ్రాయింగ్ మాష్టారు, శ్రీకాళహస్తి

సంస్కృతి గురించిన వీడియోలను శనివారం చివరి గంటకు నెట్టేస్తున్నారని నాకు చాలాకాలంగా బాధ. కలంకారీ గురించి ఒక వీడియోను మా బడిలో రసాయనశాస్త్రం గంటలో చూపించాం. గుడ్డను కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండబెడతారు. పాలలో కొవ్వు ఉండటం వల్ల గీసిన గీత పాకదు. బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు వేసి కొన్ని వారాలు పులియబెట్టిన ద్రావణాన్ని కలంతో గీస్తే, గీసేటప్పుడు పలచగా ఉన్న గీత చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము కలిసి ఆ నలుపునిస్తాయి. దగ్గరగా తీసిన ఆ పది సెకన్లు చూపించి ఆపాం. తర్వాత పిల్లలే గాజు గ్లాసులో తుప్పు మేకులు, బెల్లం వేసి నానబెట్టి, మూడు వారాల తర్వాత కరక్కాయ కషాయం పూసిన గుడ్డ మీద గీశారు. కొందరివి పాకిపోయాయి. పాలు కలపనివారెవరో అప్పుడు బయటపడింది.

అనంతపురం టీచర్

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న ప్రయత్నించాను. ముందుగా ఒక అబ్బాయి చేత వాళ్ల చేలో నుంచి వేరుశనగ మొక్కను మట్టితో సహా పెకిలించి తెప్పించి, బల్ల మీద పాత పేపరు పరిచి పెట్టాం. కాయ ఎక్కడి నుంచి వస్తుందో ప్రతివారూ రాసి సంతకం పెట్టారు. ఆ తర్వాత వేరుశనగ ఊడ నేలలోకి దిగడాన్ని రోజుల తరబడి తీసి వేగంగా తిప్పిన చిన్న వీడియోను, శబ్దం తీసేసి, పువ్వు వాడిపోయిన చోట ఆపాను. మాట్లాడకుండా ఉండటం నిజంగానే కష్టమైంది. చాలాసేపటికి వెనక బల్ల నుంచి ఒక అమ్మాయి లేచి బల్ల దగ్గరికి వచ్చి, మొక్కను పైకెత్తి, ఒక ఊడను కాయ దగ్గర నుంచి పైకి వేలితో తడుముకుంటూ కణుపు దాకా వెళ్లింది. అక్కడ ఎండిపోయిన పువ్వు ఇంకా అంటుకునే ఉంది. మట్టికి అందక గాలిలోనే ఆగిపోయిన ఊడలు రెండు ఉంటే అవి కూడా చూపించి, వీటికి కాయ పట్టలేదని తనే చెప్పింది. ఆ తర్వాత మిగతా వీడియో వేశాను.

చివర్లో మొక్క తెచ్చిన అబ్బాయి, కాయ పువ్వు నుంచి వస్తుంటే దీన్ని వేరుశనగ అని ఎందుకు అన్నారు టీచర్ అని అడిగాడు. తెలుగు మాష్టారిని రేపు మూడో గంటకు మా తరగతికి రమ్మని అడిగాను. కాకతీయుల కార్యక్రమాన్ని చందుపట్ల శాసనంతో కలిపి వచ్చే వారం మళ్లీ వేస్తాను. ఆ శాసన పాఠం ఎక్కడ దొరుకుతుందో వరంగల్ సార్ చెబితే ఇప్పుడే ప్రింట్ తీయించి పెట్టుకుంటాను.