డ్రెయిన్ ప్లగ్ తిరుగుతూనే ఉంది: స్లీవా, కొత్త సంపా?

విశాఖలో కారు పనులు తెలిసినవాళ్లు చెప్పండి. ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే అల్యూమినియం తొట్టి (సంపు), దాని ఆయిల్ దించే బోల్టు ఎం14×1.5 ప్లగ్. బిగువు పట్టే వేళకి జారి ఊరికే తిరుగుతోంది. ప్లగ్ థ్రెడ్లలో అల్యూమినియం తీగలు ఇరుక్కుని వచ్చాయి, అంటే పోయింది సంపు థ్రెడ్లే. కొత్త వాషర్ వేసినా కారుతోంది. టెఫ్లాన్ టేపు చుట్టమంటున్నారు. పట్టు ఇవ్వాల్సింది థ్రెడ్డు కదా, టేపు ఏం చేస్తుంది? ఓవర్‌సైజు ప్లగ్ తనే థ్రెడ్డు కోసుకుంటూ దిగుతుంది గానీ, వంకరపోతే వాషర్ ఒకవైపే ఆనుతుంది, సంపు చీలినా చీలొచ్చు.

అందుకే టైమ్‌సర్ట్ లాంటి స్టీలు స్లీవ్ (పాడైన రంధ్రంలో కొత్త థ్రెడ్డు ఇచ్చే గొట్టం) వేయిద్దామని ఉంది. థ్రెడ్డు కోసే ట్యాపుకి గ్రీజు రాసి రజను పట్టి, తర్వాత కాస్త ఆయిల్ పోసి కడిగేస్తే చాలా, సంపు దించాల్సిందేనా? గాజువాక ఆటోనగర్‌లో రంధ్రం నిటారుగా కోసే లేత్ షాపు ఎక్కడుంది? ఆయిల్ తీసేసి ఉంది, కారు నడపలేను. సంపు విప్పి తేగలను.