ఏడు లెక్క రిఫ్, నాలుగు లెక్క కీబోర్డ్: ప్రోగ్ రాక్ కంపోజ్ చేసేవాళ్లు చెప్పండి

అలిపిరి_గిటార్: ప్రోగ్ రాక్‌లో, అంటే లెక్కలు మార్చుకుంటూ సాగే రాక్‌లో, పెద్ద పాట ఒకటి కడుతున్నా. రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) 7/8, అంటే బారుకి, ఒక ఆవృత్తికి, ఏడు ఎయిత్ నోట్లు; తర్వాత వచ్చే కీబోర్డ్ భాగం 4/4, అంటే బారుకి నాలుగు దెబ్బలు, ఎనిమిది ఎయిత్ నోట్లు. రెండింటి మధ్య అతుకు తెలిసిపోతోంది. మీరెట్లా కలుపుతారు? తిరుపతిలో డ్రమ్స్ ఎక్కడ రికార్డు చేస్తున్నారు? లిరిక్స్ ముందా, ట్యూన్ ముందా?

చిత్తూరు_బాస్: డ్రమ్స్ మాటెత్తొద్దు సామీ. ఒక స్టూడియోలో అడ్వాన్స్ తీసుకుని కాలితో కొట్టే కిక్ డ్రమ్‌కి మైకే పెట్టలేదు. అడిగితే భక్తి పాటలకి ఎప్పుడూ అవసరం రాలేదన్నారు. డబ్బు తిరిగివ్వలేదు.

లయ_విద్యార్థి: నేను మృదంగం డిప్లొమా చేసినవాణ్ణి. మీరు 7/8 అని తలబద్దలు కొట్టుకునేది మా కర్ణాటక సంగీతంలో మిశ్ర చాపు తాళం. తకిట తకధిమి, మూడూ నాలుగూ. చేత్తో తాళం వేస్తూ రిఫ్ నోటితో పాడండి, తర్వాతే గిటార్ పట్టుకోండి.

చిత్తూరు_బాస్: ప్రతి ఏడూ మిశ్ర చాపు కాదన్నా! రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ 1973 ఆల్బమ్‌లో 'మనీ' వినండి. అది 7/4. దాని మీద తకిట తకధిమి వేస్తే ఆ నడక చచ్చిపోతుంది.

లయ_విద్యార్థి: చాపు వద్దంటే త్రిపుట తాళం వేసుకో. తిస్ర జాతిలో మూడక్షరాల లఘువు, రెండేసి అక్షరాల ద్రుతాలు రెండు, మొత్తం ఏడు. నిదానంగా నడుస్తుంది. తెలుసుకోకుండా మా తాళాలు పనికిరావనడం ఏంది?

చిత్తూరు_బాస్: పనికిరావని ఎవరన్నారు? నేను రాసింది మళ్లీ చదవండి. ఆ పాటలోనే గిటార్ సోలో రాగానే 4/4కి మారుతుంది, అందుకే సోలో అంత విశాలంగా వినిపిస్తుంది. ఏడు ఎందుకు వాడుతున్నామో తెలియాలి. లెక్క వచ్చని చూపించుకోవడానికి వాడితే అది పాట కాదు, పరీక్ష పేపరు.

తిరుచానూరు_కీస్: మీ కొట్లాట ఆపితే ఒక మాట. అలిపిరి తమ్ముడూ, 7/8 రిఫ్ ఎనిమిది సార్లు తిప్పు, 56 ఎయిత్ నోట్లు. 4/4 ఏడు బార్లకీ అవే 56. రిఫ్ నడుస్తుండగానే డ్రమ్మర్‌తో హై హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట సింబల్స్) 4/4లో మొదలుపెట్టించు, మొదట్లో వేరుపడతాయి, ఏడో బారు అయ్యాక రెండూ ఒకటో దెబ్బ మీద కలుస్తాయి. సరిగ్గా అక్కడ కీబోర్డ్ ఎత్తుకో. మా బ్యాండ్‌లో నేను కట్టిన పాటలన్నిటికీ ఇదే పద్ధతి, ఎవరికీ అతుకు తెలియదు.

కపిలతీర్థం_వోకల్: అందరూ లెక్కలే మాట్లాడుతున్నారు, గొంతు సంగతి ఎవరికీ పట్టదు. నాది ఒకటిన్నర శ్రుతి. మా గిటారిస్ట్ E మైనర్ స్కేల్ వదలడు, ఫ్రెట్ నొక్కకుండా మోగే ఓపెన్ తీగలు కావాలంటాడు. కీరవాణి రాగంలో పల్లవి కట్టి తెస్తే, అది వెస్టర్న్ హార్మోనిక్ మైనర్ స్కేలే కదా అని గాంధారాన్ని ఫ్రెట్ మీద కట్టేసినట్టు వాయిస్తాడు. గమకం, ఆ స్వరాన్ని ఊపి పలకడం, లేకపోతే అది కీరవాణి ఎట్లయితుంది?

లయ_విద్యార్థి: ఇది నిజం అక్కా. తీగ లాగి వాయించమనండి.

చిత్తూరు_బాస్: లాగితే కింద కార్డ్ (కలిపి మోగే స్వరాలు) అపశ్రుతి పలుకుతుంది. గొంతు గమకం పలికే చోట గిటార్ షడ్జమ పంచమాలు మాత్రమే పట్టాలి.

అలిపిరి_గిటార్: కీస్ అక్కా, 56 లెక్క ఇప్పుడే క్లిక్ (లెక్క కొట్టే మెట్రోనోమ్ చప్పుడు) పెట్టి వాయించా, కలిసింది! కానీ మా డ్రమ్మర్ నాలుగో బారులో రిఫ్‌తో పాటు ఏడులోకి జారిపోతున్నాడు. ఏం చేయమంటారు?

తిరుచానూరు_కీస్: అతని హెడ్‌ఫోన్‌లో గిటార్ పూర్తిగా తీసెయ్. క్లిక్ ఒక్కటే వినిపించు.