బీచ్ దగ్గర ఇల్లు, పాత ఆల్టో, చేతిలో 40 వేలు: ముందు ఇంజినా, కింద తుప్పా?

వాల్తేరు_కుర్రోడు
అన్నలూ, మా ఇంట్లో గొడవ మీరే తీర్చాలి. 2012 ఆల్టో ఒకటి చూశాను, 800 సీసీ ఇంజిన్‌ది, ఏపీ 31 నంబరు. ఓనరు 95 వేలు చెప్తున్నాడు, 85కి దిగేలా ఉన్నాడు. ఆర్‌సీ 2027 దాకా ఉంది, ఫైనాన్స్ లేదు, ఆన్‌లైన్‌లో చూస్తే చలాన్లు కూడా లేవు. బండి కొన్నాక రిపేర్లకి నా దగ్గర మిగిలేది 40 వేలు, అంతకు మించి రూపాయి లేదు, లోన్ తీసుకోమని మాత్రం చెప్పకండి. ఇల్లు వైజాగ్‌లో, లాసన్స్ బే కాలనీలో. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఫిజియోథెరపీకి తిప్పాలి, ఆటో ఎక్కి దిగడమే ఆవిడకి పెద్ద పని అయిపోయింది.

నేను తీసుకెళ్లిన మెకానిక్ ఏమో పొద్దున్నే స్టార్ట్ చేయగానే సైలెన్సర్‌లోంచి నీలం పొగ వచ్చింది కాబట్టి ఇంజిన్ దింపి బోర్ పని (అరిగిన సిలిండర్లు సరిచేయడం) చేయించాల్సిందే, 30 వేలవుతుంది అంటున్నాడు. మావయ్య (ఒకప్పుడు లారీలు తిప్పిన మనిషి) డ్రైవర్ వైపు కార్పెట్ ఎత్తి చూసి, కాళ్ల కింద రేకు తుప్పు తినేసింది, ముందు టింకరింగ్ (బాడీ రేకు పని) చేయించు, పొగ సంగతి తర్వాత అంటున్నాడు. రెండూ చేయించే డబ్బు లేదు. మీరైతే ముందు ఏది చేయిస్తారు?

మధురవాడ_బావ
మూడోది ఉంది తమ్ముడూ, కొనకపోవడం. 85కి 40 కలిపితే లక్షా పాతిక. 2027లో ఆర్‌సీ రెన్యువల్ వస్తుంది, ఒకప్పుడు 600తో పోయేది, 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారుకి 5,000 చేశారు, ఇచ్చేది కూడా ఐదేళ్లకే. 20 ఏళ్లు దాటితే 10,000, అది 2025 ఆగస్టులో వచ్చింది. దానికి ముందు ఫిట్‌నెస్ చూపించాలి. కింద రేకు పోయిన బండికి ఫిట్‌నెస్ ఎవరిస్తారు? ఆ లక్షా పాతిక బ్యాంకులో వేసి అమ్మగారికి క్యాబ్ బుక్ చెయ్యి, కాలు మీద కాలేసుకుని తిరుగుతారు.

ఎన్ఏడీ_జంక్షన్
బావ గారు క్యాబ్ అంటారు గానీ వర్షం పడిన రోజు క్యాబ్ దొరకడం ఎంత సుఖమో మనందరికీ తెలుసు. కొననీయండి కుర్రాణ్ణి.

నా ఓటు ఇంజిన్‌కే. తుప్పు లేని పాత కారు వైజాగ్‌లో చూపించండి, నేనే కొంటాను. ఉప్పుగాలిలో ఏ కంపెనీ బండి అయినా ఒకటే, ఒక రేకు ముక్క వేసి నల్ల కోటింగ్ కొట్టించేస్తే ఇంకో ఐదేళ్లు లాగేస్తుంది. ఇంజిన్ అలా కాదు. ఆయిల్ తాగే ఇంజిన్ ఏదో ఒక రోజు హనుమంతవాక దగ్గర ట్రాఫిక్‌లో ఆగి కూర్చుంటుంది, వెనకాల బస్సు హారన్ కొడుతుంటే అప్పుడు ఫ్లోర్ చూసుకుని మురిసిపోవాలా? పైగా పొల్యూషన్ సర్టిఫికెట్. ఆయిల్ కాల్చే పెట్రోలు బండి హైడ్రోకార్బన్ల (పొగలో పూర్తిగా కాలకుండా మిగిలినవి) దగ్గర దొరికిపోతుంది.

గాజువాక_మేస్త్రీ
"ఒక రేకు ముక్క వేసి నల్ల కోటింగ్ కొట్టించేస్తే" అన్న మాట చదివి ఆగలేకపోయాను. ఇరవై ఏళ్లుగా టింకరింగే నా పని, నా దగ్గరికి వచ్చే సగం బండ్లు ఇలాంటి సలహాలు విన్నవే.

మీ మావయ్య చెప్పింది కరెక్టే బాబూ, కానీ ఆయన లారీ లెక్కలో చెప్పారు. లారీకి కింద చాసిస్ వేరు, పైన క్యాబిన్ వేరు. క్యాబిన్ కుళ్లినా చాసిస్ బరువు మోస్తుంది. ఆల్టో లాంటి కారుకి వేరే చాసిస్ ఉండదు, ఆ పల్చటి రేకులన్నీ కలిసి మడతలు పెట్టి వెల్డ్ చేస్తేనే బాడీ, బలం అంతా అందులోనే. కాబట్టి తుప్పు ఉందా లేదా అని కాదు, ఎక్కడుంది అని అడగాలి. ఫ్లోర్ మధ్యలో అరచేయంత బొక్క ఉంటే అదొక పూట పని. అదే తుప్పు సీటు బోల్టుల దగ్గరో, సీటు బెల్టు బిగించిన చోటో, ముందు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బాడీకి కలిపే చెయ్యి) పట్టుకునే చోటో, బానెట్ ఎత్తితే రెండు వైపులా కనపడే స్ట్రట్ గిన్నెల (ముందు షాక్ అబ్జార్బర్లు బిగించే చోటు) దగ్గరో ఉంటే, నువ్వు బండి తాళం ఓనరు చేతిలో పెట్టి వచ్చేయ్.

ఎలా చూడాలంటే, బండి లిఫ్ట్ మీద పెట్టించు, స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ పో. మంచి రేకు టంగుమంటుంది, కుళ్లింది చప్పగా పలుకుతుంది, అక్కడ మొనతో కొంచెం నొక్కితే లోపలికి దిగిపోతుంది. డోర్ల కింద పొడుగ్గా ఉండే పెట్టె లాంటి భాగం, మేం రన్నింగ్ బోర్డు అంటాం, దాన్ని వదిలిపెట్టకు. నీళ్లు పోవడానికి దానికి కింద చిన్న కన్నాలుంటాయి, మట్టి పట్టి మూసుకుపోతే లోపలి నుంచి తింటుంది, బయట పెయింటు మాత్రం పెళ్లికొడుకులా మెరుస్తుంటుంది. స్టెప్నీ తీసి దాని కింద గుంట చూడు. బ్యాటరీ ట్రే చూడు, యాసిడ్ కారి అక్కడ రేకు ముందే పోతుంది.

ఇంకోటి. 2012 బండి అంటే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసిన బండే, అప్పుడు ఊళ్లోనే ఉండి ఉంటే. చెట్లు విరిగి ఎన్ని కార్ల మీద పడ్డాయో లెక్కలేదు. పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతం టాప్ మీద జరుపుతూ పో. పట్టుకోకుండా జారిపోయిన చోట రేకు మీద లప్పం మందంగా ఉందని అర్థం.

నల్ల కోటింగ్ సంగతి: తుప్పు మీద కోటింగ్ కొడితే తడి లోపలే ఉండిపోతుంది, కనపడకుండా తింటుంది. ముందు గ్రైండర్‌తో తెల్ల రేకు తేలేదాకా గీకాలి, కుళ్లింది కోసేయాలి, కొత్త రేకు సీఓటూ (గ్యాస్ రక్షణతో చేసే) వెల్డింగ్‌తో అతకాలి, ప్రైమర్, సందుల్లో సీలెంట్, పెయింటు, ఆ తర్వాతే కోటింగ్. రివెట్లు కొట్టి సీలెంట్ పూసేవాడి దగ్గరికి వెళ్లకు.

ఎన్ఏడీ_జంక్షన్
మేస్త్రీ గారు టింకరింగ్ చేస్తారు కాబట్టి టింకరింగే ముందంటారు 😀 మెకానిక్‌ని అడిగితే ఇంజిన్ అంటాడు.

గాజువాక_మేస్త్రీ
అవును, నేను టింకరింగ్ చేసే మనిషిని. అయినా తాళం తిరిగి ఇచ్చేయమని చెప్పింది నేనే కదండీ. అందులో నాకేం మిగిలింది?

స్టీల్‌ప్లాంట్_రిటైర్డ్
మీరిద్దరూ పొగ గురించి అడగాల్సిన ప్రశ్న అడగలేదు. నీలం పొగ ఎప్పుడు వస్తోంది? రాత్రంతా ఆగిన బండి పొద్దున్న స్టార్ట్ చేసినప్పుడు ఒక్కసారి గుప్పుమని వచ్చి తగ్గిపోతే, చాలాసార్లు అది వాల్వ్ సీల్స్ (వాల్వుల మీదుగా ఆయిల్ కిందికి దిగకుండా ఆపే రబ్బరు ముక్కలు) పని. రాత్రంతా ఆయిల్ వాల్వ్ కాడ మీదుగా చుక్కచుక్కగా దిగి, పొద్దున్న ఒకేసారి కాలుతుంది. అలా కాకుండా వేడెక్కాక కూడా ఎక్సలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ రింగులూ, సిలిండర్ బోరూ అనుమానించాలి. సీల్స్ హెడ్ (ఇంజిన్ పైభాగం) దింపి వేసినా బోర్ పనంత ఖర్చు కాదు.

చూపుతో తేలకపోతే కంప్రెషన్ టెస్ట్ (ఒక్కో సిలిండర్ ఎంత ఒత్తిడి పట్టుకుంటోందో చూడటం) చేయించండి. ఈ ఇంజిన్‌కి మూడు సిలిండర్లు, మూడు ప్లగ్గులూ ఊడదీసి ఒక్కోదానికీ గేజ్ పెట్టి సెల్ఫ్ కొట్టడమే. ఒకటి తక్కువ వస్తే అందులో స్పూనెడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. రీడింగ్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గ్యాస్కెట్. ఈ పరీక్ష చెయ్యకుండా ఇంజిన్ దింపుతానన్న వాడికి బండి ఇవ్వకండి. రేడియేటర్ మూత కూడా తీసి చూడండి (ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే సుమా). లోపల నీళ్లు ఇటుక రంగులో ఉంటే కూలెంట్ బదులు కుళాయి నీళ్లతో నడిపారన్నమాట.

ఇంకో విషయం ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఇ20 పెట్రోలు, ఇరవై శాతం ఇథనాల్. 2012 బండి దాని కోసం చేసింది కాదు. పాత రబ్బరు పెట్రోలు పైపులు పగులుతాయి, లేదా మెత్తబడతాయి. వాటిని మార్చడం పెద్ద ఖర్చేమీ కాదు, మార్చకపోతే ఇంజిన్ వేడి మీద పెట్రోలు కారుతుంది. ఇంజిన్ పని అంటే ముందు ఇదీ, టైమింగ్ బెల్టూ (వాల్వులు సరైన టైముకి తెరిచి మూసేలా చేసే బెల్టు). బెల్టు ఎప్పుడు మార్చారో ఓనరు చెప్పలేకపోతే మార్చలేదనే లెక్క.

ఎంవీపీ_లెక్కలు
అందరూ పొగ, తుప్పు, పొగ, తుప్పు. బండి ఆగాలి కదండీ ముందు! 40 వేలలో మొదటి రూపాయి బ్రేకులకి, రెండో రూపాయి టైర్లకి. కైలాసగిరి మీంచో, సింహాచలం కొండ మీంచో దిగేటప్పుడు పొగ వస్తే ఏం కాదు, బ్రేకు మెత్తబడితే అయిపోయినట్టే. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీలుస్తుంది, మన ఊళ్లో తేమకి తక్కువేముంది? ఎప్పుడు మార్చారో తెలియకపోతే మొత్తం దింపి కొత్తది పోయించండి. వెనక డ్రమ్ములు విప్పించి వీల్ సిలిండర్లు కారుతున్నాయేమో చూడండి. టైర్ మీద నాలుగంకెలుంటాయి, 1718 అని ఉంటే 2018లో పదిహేడో వారం తయారైందని. గీతలు నిండుగా ఉన్నాయని మురిసిపోవద్దు, నీడలో నిలబెట్టిన బండికి గీతలు ఉంటాయి, రబ్బరు మాత్రం గట్టిపడిపోతుంది.

నా లెక్కలో టైర్లు మార్చాల్సి వస్తే పది, పన్నెండు వేలు పోతాయి, బ్రేకులకి నాలుగైదు, ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ 2022లో పెట్టిన రేటు ప్రకారం 2,094 (వెయ్యి సీసీ లోపు కార్లకి, జీఎస్టీ వేరే), ట్రాన్స్‌ఫర్ ఖర్చు వేరు. మిగిలిన ఇరవైలో టింకరింగ్. ఇంజిన్‌కి ఆయిల్, ఫిల్టర్, ప్లగ్గులు, బెల్టు, పైపులు. బోర్ పనికి చోటెక్కడుంది? ఏసీ అడగొద్దు, అద్దాలు దించుకుని బీచ్ రోడ్డు గాలి పీల్చండి.

మధురవాడ_బావ
చూశావా తమ్ముడూ, లెక్కల గారు లెక్క వేస్తేనే 40 అయిపోయింది, ఇంకా తుప్పు ఎంతుందో తెలీదు.

వాల్తేరు_కుర్రోడు
అందరికీ థాంక్స్. నిన్న లిఫ్ట్ మీద పెట్టించాను, అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు. కంప్రెషన్ మూడూ దగ్గరదగ్గరగా ఉన్నాయి, పొగ పొద్దున్న ఒక్కసారే, వేడెక్కాక లేదు. రిటైర్డ్ గారు చెప్పినట్టు సీల్సే అయ్యుండాలి, మా మెకానిక్ కూడా గేజ్ చూశాక బోర్ మాట మళ్లీ ఎత్తలేదు. ఫ్లోర్‌లో డ్రైవర్ వైపు రెండు చోట్ల స్క్రూడ్రైవర్ దిగిపోయింది. లోయర్ ఆర్మ్ దగ్గర, స్ట్రట్ గిన్నెలు బాగున్నాయి. ఎడమ రన్నింగ్ బోర్డు వెనక చివర మాత్రం చప్పగా పలుకుతోంది. అయస్కాంతం టాప్ మీద పట్టింది, వెనక ఎడమ డోర్ కింద పట్టలేదు. టైర్లు రెండు 2021వి, రెండు 2017వి. ఓనరుకి ఇవన్నీ ఫొటోలు తీసి చూపించాను, మొహం మాడ్చుకుని 76 అన్నాడు. నేను 68 అన్నాను.

గాజువాక_మేస్త్రీ
ఆ రన్నింగ్ బోర్డు తేలేదాకా 70 దాటొద్దు. వెనక చివర దాన్ని ఆనుకునే జాకీ పెట్టే చోటు ఉంటుంది, అది కూడా మెత్తబడి ఉంటే పని రెట్టింపు. పనికిచ్చే ముందు కోసిన రేకు ముక్కలు చూపించమని అడుగు, మధ్యలో ఒకసారి వెళ్లి కోటింగ్ కొట్టకముందే వెల్డింగ్ చూడు. వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ వైర్లు తీసేయించు, లేకపోతే ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పోవచ్చు, లోపల కార్పెట్ కూడా పూర్తిగా తీయించు, అంటుకుంటుంది.

ఎన్ఏడీ_జంక్షన్
సరే, బోర్ పని మాట వెనక్కి తీసుకుంటా. కానీ సీల్స్ మాత్రం రెండు నెలల్లో వేయించు, ఆయిల్ లెవెల్ వారానికోసారి చూసుకో, పెట్రోలు కొట్టించేటప్పుడల్లా డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) తీయి.

ఎంవీపీ_లెక్కలు
2017 టైర్లు రెండూ ముందుగా మార్చు. అమ్మగారిని ఎక్కించుకున్న రోజు నుంచి కాదు, బండి ఇంటికి తెచ్చే రోజు నుంచే. ట్రాన్స్‌ఫర్‌కి ఫారం 29, 30 మీద ఓనరు సంతకాలు పెట్టించుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వు.

మధురవాడ_బావ
నేనింకా క్యాబే అంటున్నాను. కానీ 68కి వస్తే చెప్పు, పేపర్ల దగ్గరికి నేనూ వస్తాను.