అమ్మకు మెకానికల్ వాల్వ్ వేశారు, ఆ టిక్ టిక్ శబ్దానికి నిద్ర పట్టడం లేదు

అమ్మకు గుండెలోని మైట్రల్ వాల్వ్ (ఎడమ గదుల మధ్య ఉండే కవాటం) మార్చి ఐదు వారాలైంది. వయసు 54, టిష్యూ వాల్వ్ (జంతు కణజాలంతో చేసేది) అయితే కొన్నేళ్లకు అరిగిపోయి మళ్లీ ఆపరేషన్ పడొచ్చని మెకానికల్‌దే వేశారు. కుట్లు బాగానే మానాయి, దగ్గొస్తే దిండు ఛాతీకి అదుముకోవడం కూడా అలవాటైంది. గొడవంతా రాత్రిళ్లే. ఇల్లు సద్దుమణిగాక పడుకుంటే చాలు, లోపల గడియారం పెట్టినట్టు టిక్ టిక్‌మని వినిపిస్తుంది, పక్కన కూర్చుంటే నాకూ వినపడుతుంది, అమ్మేమో ఒకటి రెండు అని లెక్కపెడుతూ ఎక్కడ ఆగుతుందోనని తెల్లారేదాకా మేలుకునే ఉంటోంది. అది వాల్వ్ రెక్కలు మూసుకునే శబ్దమేనని డాక్టర్ చెప్పారు. చెబితే భయం పోతుందా!

ఇంకో టెన్షన్ ఐఎన్ఆర్, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చెప్పే రక్తపరీక్ష అంకె. అమ్మకు 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలన్నారు, పోయిన వారం 1.9, నిన్న 4.2. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన వార్ఫరిన్ మాత్ర ఒక్క రోజు కూడా మానలేదు. డోసు సంగతి డాక్టరే చూస్తున్నారు, నేను అడిగేది అది కాదు. మీకు ఇది నిలకడగా రావడానికి ఎన్నాళ్లు పట్టింది? ఇంట్లో వేలు గుచ్చి చూసుకునే మెషిన్ వాడేవాళ్లున్నారా, దాని రీడింగ్ ల్యాబ్‌తో కలుస్తుందా? ఆ శబ్దానికి అలవాటు పడినవాళ్లు మొదటి నెలల్లో ఎలా నిద్రపోయారో కాస్త రాయండి, అమ్మకు చదివి వినిపిస్తా.